రెండో పిలుపు

ఆర్నాల్డ్ సగ్డెన్ బిగించిన పైపు జాయింటు కారదని ఇంగ్లండులోని హ్యాలిఫాక్స్‌లో అందరికీ తెలుసు. తెలియనివాళ్ళెవరైనా మిగిలి ఉంటే ఆర్నాల్డే పనిగట్టుకుని చెప్తాడు. బస్‌స్టాప్‌లో పక్కన నిలబడ్డవాళ్ళకి చెప్తాడు, ఎవరైనా పోయారని చూడ్డానికి వెళ్తే అక్కడ టీ పోసేవాళ్ళకి చెప్తాడు. మీసాలు రాకముందు రెంచి పట్టినవాడు, చేతులు వణకడం మొదలయ్యాకే దించాడు. అన్నేళ్ళలో చేసిన పని చెడిందని ఒక్క ఇంటివాళ్ళూ ఆయన్ని వెనక్కి పిలవలేదు. అలా వెనక్కి పిలవడాన్ని ఆ ఊరి ప్లంబర్లు రెండో పిలుపంటారు. ఆ మాట అనేటప్పుడు కాస్త గొంతు తగ్గిస్తారు కూడా. ఎంత చెయ్యి తిరిగినవాడికైనా ఏడాదికి మూడో నాలుగో తప్పవు. ఆర్నాల్డ్‌కి మాత్రం జన్మలో ఒక్కటి రాలేదు. మనిషికి గర్వం పనికిరాదని పాస్టరు ప్రసంగం చేసే ఆదివారాల్లో, ఇంకెవరికో చెప్తున్నాడనుకుని ఆయన చక్కగా తల ఊపేవాడు.

అలాంటి మనిషి వంటింట్లో, ఆయన ఇల్లు వెచ్చబెట్టే సొంత బాయిలర్ కింద, జనవరిలో ఒకరోజు పొద్దున్నే నేల తడిగా కనిపించింది.

చూసింది ఆయన భార్య డొరీన్. కెటిల్లో నీళ్ళు పట్టడానికి వచ్చి, కాలికి చల్లగా తగిలితే వంగి చూసింది. రాతి నేల మీద నీలం, పచ్చ కలిసిన రంగులో చిన్న మరక. డొరీన్ పెళ్ళికి ముందూ, పెళ్ళయ్యాక చాలా ఏళ్ళూ ఉన్ని మిల్లులో రఫ్ఫు పని చేసింది. మగ్గం మీంచి దిగిన బట్టని చేత్తో తడిమి, తెగిన పోగెక్కడుందో, ముడి ఎక్కడ పడిందో పట్టుకుని, ఎవరికీ తెలియకుండా బాగుచెయ్యడం ఆ పని. ఆమె వేళ్ళకి కళ్ళున్నాయని మిల్లులో అనేవాళ్ళు. ఇప్పుడా వేలితోనే బాయిలర్ కింది పైపుని పైనుంచి కిందదాకా తడిమింది. కింది వంపు అడుగున తడి తగిలింది. అది వేరే ఏ పైపయినా ఎవరో ఒకరికి ఫోన్ చేసి ఊరుకునేది. ఇది ఆర్నాల్డ్ రాగి పైపు.

ఆ పైపు కథ వీధిలో అందరికీ తెలిసిందే. పాత బాయిలర్ తీసేసి ఇప్పటిది పెట్టించినప్పుడు, బిగించడానికొచ్చినతను దాని కింద సన్నటి తెల్ల ప్లాస్టిక్ పైపు వేసి వెళ్ళాడు. ఈ కొత్తరకం బాయిలర్లు పొగలో వేడిని కూడా వదలవు, పిండుకుంటాయి. అలా చల్లబడ్డ పొగలోంచి నీళ్ళు ఊరతాయి. ఆ నీళ్ళు బొట్లుబొట్లుగా సింకు గొట్టంలోకి పోవడానికి ఆ పైపు. ప్లాస్టిక్ పైపుని ఆర్నాల్డ్ కొన్నాళ్ళు చూశాడు. అన్నం తినేటప్పుడు దానికి వీపు పెట్టి కూర్చున్నాడు. ఒక శనివారం ఇక ఓర్చుకోలేక పీకేసి, దాని చోట రాగిది పెట్టాడు. రెండు వంపులూ చేత్తోనే తిప్పాడు. ఎక్కడా ముడత లేదు, నొక్కు లేదు. టంకం గీత వెంట్రుక మందాన వెండి అంచులా నిలిచింది. పక్కింటివాళ్ళు, ఎదురింటివాళ్ళు వచ్చి వంగి చూసి వెళ్ళారు. అప్పట్నుంచీ ప్రతి శనివారం ఆయన గుడ్డా పాలిషూ తీసుకుని దాని ముందు కూర్చునేవాడు.

ఆ తర్వాత కొద్ది నెలలకే చేతులు వణకడం మొదలైంది. రెంచి గోడకెక్కింది. అంటే ఆ పైపు ఆయన చేసిన ఆఖరి పని. ఆ సంగతి ఇద్దరిలో ఎవరూ పైకి అనలేదు గాని, ఇద్దరికీ తెలుసు.

డొరీన్ ఖాళీ మార్జరీన్ డబ్బా ఒకటి పైపు కింద పెట్టింది. ఆయన కంటపడకముందే ఒంపెయ్యాలని మధ్యాహ్నం వెళ్ళి చూస్తే డబ్బా ఖాళీగా ఉంది. సాయంత్రమూ అంతే. ఆయన కూడా ఆమె కంటపడకూడదని ఒంపేస్తున్నాడని ఆమెకి అర్థమైంది. ఇలా ఒకే డబ్బాని ఇద్దరూ దొంగచాటుగా ఒంపుకుంటూ, ఎదురుపడినప్పుడు మంచు గురించి మాట్లాడుకుంటూ గడిపారు.

గొడవేమిటంటే, ఆ గురువారం బాయిలర్ని చూడ్డానికి రస్సెల్ వస్తున్నాడు. ఏటా వచ్చేవాడే. పదహారేళ్ళవాడిగా ఆర్నాల్డ్ దగ్గర పని నేర్చుకోవడానికి చేరాడు. ఇప్పుడు యాభై దాటింది, బట్టతల వచ్చింది, తన పేరు రాసుకున్న వ్యాన్లున్నాయి. ఆ రోజుల్లో ఒక జాయింటు ఒక్క బొట్టు కారిందని, ఇంటివాళ్ళ ముందే వాడిచేత మొత్తం ఊడదీయించి మళ్ళీ చేయించాడు ఆర్నాల్డ్. ఆ ముచ్చట ఇప్పటికీ వాడి ముందే చెప్పి నవ్వుతాడు. ఇప్పుడు ఆ రస్సెలే వచ్చి, గురువుగారి వంటింట్లో, గురువుగారి రాగి వంపు కింద మార్జరీన్ డబ్బా చూడబోతున్నాడు.

మంగళవారం టీ తాగుతూ ఆర్నాల్డ్ బయటపడ్డాడు.

"రస్సెల్‌కి ఫోన్ చేసి రావొద్దని చెప్పు."

"ఎందుకట?"

"బాయిలర్ శుభ్రంగా నడుస్తోంది. వాడొచ్చి ఊడబొడిచేదేముంది?"

"పోయినేడాది రెండ్రోజులు ఆలస్యంగా వచ్చాడని నువ్వేగా వాడి మీద ఎగిరిపడ్డావు."

ఆర్నాల్డ్ కప్పు సాసరు మీద గలగలమంటుంటే రెండో చేత్తో పట్టి ఆపుకున్నాడు.

"ఆర్నాల్డ్, అది కారుతోంది," అంది డొరీన్.

"చెమట. చలికి రాగికి చెమట పడుతుంది."

"చెమట పచ్చగా ఉండదు."

ఆయన మొహం మాడ్చుకుని లేచాడు. షెడ్డులోకి పోయి చాలాసేపు డబ్బాలు అటూ ఇటూ జరిపి చప్పుడు చేశాడు. టంకం కరిగించే బ్లో ల్యాంప్ కోసం వెతుకుతున్నాడని డొరీన్‌కి తెలుసు. వెనక గుమ్మంలో నిలబడి, వెతకొద్దు, బ్లో ల్యాంప్ నేను దాచేశాను అని చెప్పింది. కిందటేడు ఆయన పక్కింటి పాలీన్ వంటింట్లో కుళాయికి టంకం వెయ్యబోయి పరదాకి నిప్పంటించినప్పటి నుంచీ దాన్ని దాచే ఉంచింది. ఎక్కడ దాచావని అడిగాడాయన. చెప్తే ఇక దాచడమేంటంది ఈవిడ. అప్పుడాయన తలుపుకి ఆనుకుని, నేల చూస్తూ అసలు మాట అన్నాడు. రస్సెల్ ముందు తన పని కారడం తాను చూడలేడట. కావాలంటే బాయిలర్ ఆపేసి, చలికాలమంతా కోటు వేసుకుని కుర్చీలో కూర్చుంటాడట.

ఆ మాట అనేసి నిజంగానే వెళ్ళి కోటు వేసుకున్నాడు. ఆయన మొండితనం తెలిసిందే గాని, ఇంతకాలం కాపురం చేశాక కూడా డొరీన్‌కి ఒళ్ళు మండింది. ఒళ్ళు మండినప్పుడు ఆమె అరవదు. టోపీ పెట్టుకుని బయటికి వెళ్తుంది.

ఆమె నేరుగా కొండ దిగువ ప్లంబింగ్ సామాన్ల కొట్టుకి వెళ్ళింది. ఒకప్పుడు ఆ కొట్లో ఆర్నాల్డ్ మాటంటే మాటే. ఇప్పుడు బల్ల వెనక ఎవరో కొత్తమనిషి ఉన్నాడు. చొక్కా మీద క్రెయిగ్ అని పేరుబిళ్ళ. ఇవతల పనివాళ్ళు ముగ్గురు నలుగురు టీ మగ్గులు పట్టుకుని బల్లకి ఆనుకుని ఉన్నారు.

"మీవారేం తెమ్మన్నారు పెద్దమ్మా?" అన్నాడు క్రెయిగ్.

"మా ఆయన ఏమీ తెమ్మనలేదు. కావలసింది నాకు," అంది డొరీన్.

బాయిలర్ నీళ్ళు పోయే పైపు మార్చాలని చెప్పింది. ఇప్పుడు ఏ పైపుందని అడిగాడు. రాగి అంది. క్రెయిగ్ నవ్వాపుకోలేక ఇవతలివాళ్ళకి కూడా వినిపించేలా, ఎవడో మహానుభావుడు దానికి రాగి పెట్టాడటర్రా అన్నాడు. అందరూ నవ్వారు. తర్వాత కాస్త జాలిపడి ఆమెకి వివరంగానే చెప్పాడు. ఆ బాయిలర్‌లో ఊరేవి మామూలు నీళ్ళు కావట, పులుపట. రాగిని లోపల్నుంచి కొద్దికొద్దిగా తినేస్తాయట. అందుకే ప్లాస్టిక్ తప్ప ఇంకోటి పెట్టకూడదట.

"ఇంతకీ ఎవడు పెద్దమ్మా ఆ గాడిద?"

డొరీన్‌కి చెవులు వేడెక్కాయి. ఒక్క పేరు చెప్తే చాలు, బల్లకి ఆనుకున్నవాళ్ళలో ఇద్దరు పెద్దవాళ్ళకి టీ గొంతుకి అడ్డం పడేది.

"ఎవరో ఒకాయన. పని మాత్రం చాలా అందంగా చేశాడు," అంది.

పైపు మలుపుల్లో తొడిగే ఎల్బోలు తీసుకుంది, జిగురు డబ్బా తీసుకుంది. పైపు కూడా ఇమ్మంటారా అని అడిగితే, పైపు ఇంట్లో ఉందంది. షెడ్డులో చూరుకి వేలాడుతూ ఎన్నో తెల్ల పైపు ముక్కలున్నాయి. ఇంట్లో పైపు పెట్టుకుని కొట్లో పైపు కొనే ఆడది యార్క్‌షైర్‌లో ఇంకా పుట్టలేదు. ఆ పొదుపే ఆమె కొంప ముంచబోతోందని అప్పుడామెకి తెలియదు.

బుధవారం భోజనం కాగానే ఆర్నాల్డ్ క్లబ్బుకి డొమినోలు ఆడటానికి వెళ్తాడు. ఆయన అలా గేటు దాటగానే డొరీన్ ఇలా బాయిలర్ ఆపేసింది. స్కర్టు విప్పి ఆయన పాత ప్యాంటు తొడుక్కుని, మీద ఏప్రాన్ కట్టుకుంది. పైపుకి పైన ఉన్న రబ్బరు తొడుగు వదులుచేసి, కింద నట్టు తిప్పి, రాగి పైపుని ఊడదీసింది. చేతిలోకి వచ్చిన పైపు తేలిగ్గా ఉంది. అంత పేరున్న పని ఇంతేనా బరువు అనిపించి మనసు చివుక్కుమంది. మంచి తువ్వాలు ఒకటి తెచ్చి బల్ల మీద పరిచి, దాని మీద పడుకోబెట్టింది.

తర్వాత కొలత తీసుకుంది, కోసింది, ఎల్బోల్లో జిగురు రాసి తొడిగింది, అంటుకునేదాకా పట్టుకుంది. ఏ ఒక్కటీ ఆమెకి కొత్త కాదు. శని, ఆదివారాల్లో ఆర్నాల్డ్ ఇరుగుపొరుగు ఇళ్ళలో చేసిన పనులన్నిటికీ పక్కన టార్చిలైటు పట్టుకుని కూర్చున్నది ఆమే. చేతికి ఏ పనిముట్టు కావాలో ఆయన నోరు తెరవకముందే అందించేది. కాకపోతే ఇన్నేళ్ళలో ఒక్కసారి, ఒక్క నట్టు, నువ్వు బిగించు అని ఆయన అనలేదు. ఆమె అడగలేదు. ఇప్పుడు మోకాళ్ళ మీద కూర్చుని పైపు కోస్తుంటే, ఇది ఆర్నాల్డ్ పరువు కోసం చేస్తున్నానని తనకి తాను చెప్పుకుంది. కాని చేతుల్లో ఏదో ఉత్సాహం ఉరకలేస్తోంది, దానికీ ఆర్నాల్డ్ పరువుకీ ఏ సంబంధమూ లేదు.

జగ్గుతో నీళ్ళు తెచ్చి పైనుంచి పోసింది. ఒక ఎల్బో దగ్గర కారింది. చూస్తుండగానే రెండో దాని దగ్గర, మూడో దాని దగ్గర కూడా కారింది. వేలితో లాగితే ఎల్బో చేతిలోకి ఊడి వచ్చేసింది. జిగురు పాల మీది మీగడలా తెట్టుకట్టి లేచిపోయింది. ప్యాంటు తడిసింది, నేలంతా నీళ్ళు. సరిగ్గా అప్పుడే వెనక తలుపు తెరుచుకుంది.

డొమినో బిళ్ళలు నిలబెట్టబోయి తన చేత్తోనే పడేసుకుంటుంటే విసుగొచ్చి ఆర్నాల్డ్ ఆట మధ్యలోనే లేచి వచ్చేశాడు. గుమ్మంలో నిలబడి నేల మీది నీళ్ళని చూశాడు, తన ప్యాంటులో ఉన్న భార్యని చూశాడు, బల్ల మీద తువ్వాలుని చూశాడు. టోపీ తీశాడు.

డొరీన్ లేవబోయి లేవలేక అలాగే కూర్చుంది. "లోపల తినేసిందట. ఆ నీళ్ళు పులుపట," అంది.

ఆయన రాగి పైపుని రెండు చేతులతో తీసుకుని కిటికీ దగ్గరికి నడిచాడు. ఒక కన్ను మూసి లోపలికి చూశాడు. కింది వంపు అడుగున సూదిమొనంత బెజ్జాల్లోంచి వెలుగు కనిపించింది. వాటి మీద బొటనవేలు పెట్టి రుద్దాడు. అరుస్తాడనుకుంది డొరీన్. అరిచినా బాగుండేది.

"ప్రతి శనివారం తుడిచాను," అన్నాడు.

ఆయన పైపుని మళ్ళీ తువ్వాలు మీద పెట్టాడు. అప్పుడాయన చూపు ఆమె చేతిలో ఊడిపోయిన ఎల్బో మీద పడింది. ఎగతాళి చెయ్యాలంటే ఇంతకన్నా మంచి సమయం ఆయనకి దొరకదు. నిజానికి నోరు తెరిచాడు కూడా.

"ఆ పైపెక్కడిది?" అన్నాడు.

"షెడ్డులోది."

"గోరుతో గీకి చూడు."

గీకింది. కొవ్వొత్తిని గీకినట్టు మెత్తగా జారింది.

"అది మైనం జాతి ప్లాస్టిక్. దానికి జిగురు పట్టదు. రబ్బరు ఉంగరం పెట్టి దూర్చాల్సిందే. చూడ్డానికి రెండూ తెల్లగానే ఉంటాయి."

"ప్లాస్టిక్ అంటే గిట్టదన్నావు. ఇవన్నీ నీకెలా తెలుసు?"

"గిట్టనిదాని గురించి తెలుసుకోకపోతే తిట్టేదెలా?"

ఆ మాట అన్నాక ఆయన కోటు గుండీలు తీసుకుంటూ, మళ్ళీ పెట్టుకుంటూ కాసేపు తచ్చాడాడు. షెడ్డులో పెయింటు డబ్బాల వెనక ఇంకో పైపుందని, దానికి జిగురు పడుతుందని గోడకి చెప్తున్నట్టు చెప్పాడు. డొరీన్ వెళ్ళి తెచ్చింది. చూడగానే గుర్తుపట్టింది. బాయిలర్‌తోపాటు వచ్చి, ఒక శనివారం పీకించుకున్న పైపే అది.

"ఇది చెత్తలో పారేశానన్నావు."

"మంచి పైపుని ఎవరైనా పారేస్తారా?" అన్నాడు ఆర్నాల్డ్. ప్లాస్టిక్‌ని మంచిదన్న మాట తన నోటి నుంచే రావడం విని ఆయన మొహం కందగడ్డలా అయింది.

డొరీన్ నవ్వలేదు. నవ్వితే ఆయన వెళ్ళిపోతాడు. మళ్ళీ బాయిలర్ కింద కూర్చుని రంపం అందుకుంది. కాసేపటికి ఆయన కూడా మెల్లగా, కీళ్ళు చప్పుడు చేస్తుంటే, ఆమె పక్కన నేల మీద కూలబడ్డాడు. టార్చిలైటు ఇటు ఇమ్మన్నాడు.

వెలుగు గోడంతా తిరిగింది. రెండు చేతులతో పట్టుకోమందామె. పట్టుకున్నాడు. అయినా వెలుగు సింకు మీదా, ఆమె మెడ మీదా పడుతోంది.

"నువ్వు చూసేచోట కాదు, నేను చూసేచోట వెయ్యి," అంది.

ఆ ముక్క ఆమెది కాదు. ఇన్నేళ్ళుగా ఆయన ఆమెని అంటూ వచ్చిందే. ముందు నవ్వింది ఆర్నాల్డే. నవ్వుకి టార్చి ఇంకా ఊగింది. మోచేతులు మోకాళ్ళకి ఆనించుకున్నాక కాస్త కుదిరింది.

పైపుకి వాటం ఇవ్వాల్సి వచ్చింది. నీళ్ళు నిలవకుండా సింకు వైపు జారిపోవాలి కదా. ఆర్నాల్డ్ చెప్పబోయాడు. అప్పటికే డొరీన్ రసమట్టం పైపు మీద పెట్టి, ఏప్రాన్ జేబులోంచి పబ్బులో గ్లాసు కింద వేసే బీరు అట్ట తీసి, రసమట్టం ఒక చివర కింద దూర్చింది. మధ్యలో బుడగ కుదిరేదాకా పైపుని సర్దింది. అది ఆర్నాల్డ్ సొంత కిటుకు. తన దగ్గర నేర్చుకున్న రస్సెల్‌కి తప్ప ఇంకెవరికీ తెలియదని ఆయన నమ్మకం.

"నీకెవరు నేర్పారు?"

"అన్నేళ్ళు నీ పక్కన లైటు పట్టుకుని నేను గోడ చూశాననుకున్నావా?"

ఆ తర్వాత ఆర్నాల్డ్ ఒక్క సలహా ఇవ్వలేదు. అది ఆయన జీవితంలో చేసిన కష్టమైన పనుల్లో ఒకటై ఉంటుంది. ఆమె కోసిన ప్రతి అంచునీ బొటనవేలితో తడిమి, గరుకు తగిలితే మళ్ళీ అరగదీసింది. జిగురు రాసి, ఎల్బో తొడిగి, కొంచెం తిప్పి పట్టుకుంది. పైకి ఉబికిన జిగురుని గుడ్డతో కాదు, వేలి చివరతో తీసేసింది. మిల్లులో నేర్చుకున్న చెయ్యి అది. బాగుచేసిన చోటు ఇదీ అని ఎవరైనా వేలు పెట్టి చూపించగలిగితే అది బాగుచేసినట్టు కాదని వాళ్ళ మేస్త్రమ్మ చెప్పేది.

జిగురు ఆరాక నీళ్ళు పోసింది. ఆర్నాల్డ్ టిష్యూ కాగితం ఒకటి తీసి ప్రతి జాయింటుకీ కింద, పక్కల, వెనక అద్దుకుంటూ వెళ్ళాడు. మిల్లులో తన మొదటి బట్టని తనిఖీ బల్ల మీద పరిచిన రోజు కూడా డొరీన్‌కి అంత గుండెదడ రాలేదు. చివరికి ఆయన కాగితాన్ని వెలుగుకి పెట్టి చూశాడు. ఎక్కడా చుక్క లేదు.

"ఊఁ," అన్నాడు.

అంతే. కష్టపడి నేల మీంచి లేచి, తువ్వాలులో రాగి పైపుని చుట్టి, తన కుర్చీ వెనక పెట్టుకున్నాడు. డొరీన్ నేల తుడుస్తూ, రేపు రస్సెల్‌కి ఏమీ చెప్పక్కర్లేదంది. నువ్వే చూసుకుని మార్చావనుకుంటాడు, అనుకోనీ అంది. సమస్య తీరిపోయింది, ఆయన పేరు దక్కింది, అనుకున్నదంతా అయింది. మరి ఆ "ఊఁ" ఎందుకంత బాధపెట్టిందో ఆమెకి తెలియలేదు.

రస్సెల్ గురువారం చెప్పిన వేళకే వచ్చాడు. గుమ్మంలో బూట్లు విప్పి, మేజోళ్ళతో లోపలికొచ్చాడు. డొరీన్ టీ, అల్లం కేకు ముక్క చేతికిచ్చింది. కుర్రాడిగా ఉన్నప్పటి నుంచీ వాడికి ఆమె కేకంటే ప్రాణం. ఆర్నాల్డ్ కుర్చీలో బిగుసుకుని కూర్చుని, వీధిలో మంచు ఎంతుందని అడిగాడు. రస్సెల్ ఏదో చెప్తూనే బాయిలర్ దగ్గర వంగాడు. వంగినవాడు మాట ఆపేశాడు.

"అమ్మయ్య, మార్చేశారా మేస్త్రీగారూ," అన్నాడు. వాడి గొంతులో బరువు దిగిపోయినట్టు తెలిసింది. "పోయినేడాదే చెప్దామనుకున్నాను. అంతకుముందేడాది కూడా. దానికి రాగి ఆగదని. నోరు రాలేదు."

ఆర్నాల్డ్ మొహంలో రంగు పోయింది. తన ముందు వాడు ఏటేటా వంగి, చూసి, తెలిసి, ఏమీ అనకుండా లేచి టీ తాగి వెళ్ళాడన్నమాట.

రస్సెల్‌కి అదేమీ పట్టలేదు. వాడు పనివాడు, పని చూస్తున్నాడు. కోత ఎంత సూటిగా ఉందో అన్నాడు. జిగురు ఒక్క బొట్టు బయట లేదే అన్నాడు. తన దగ్గరి మనుషులు జిగురు పెడితే చంటిపిల్లాడు జామ్ తిన్నట్టు ఉంటుందన్నాడు. సంచీలోంచి రసమట్టం తీసి పైపు మీద పెట్టి, బుడగ ఎక్కడ నిలిచిందో చూసి, తలెత్తి నవ్వాడు.

"బీరు అట్ట వాటం. మేస్త్రీగారూ, చేతులు వణుకుతున్నాయన్నారు. వణకడమంటే ఇదేనా?"

డొరీన్ తన టీ కప్పు పట్టుకుని సింకు దగ్గర నిలబడి ఉంది. అంతా ఆమె కోరుకున్నట్టే జరుగుతోంది. ఆర్నాల్డ్ సగ్డెన్ పేరుకి మచ్చ లేదు, పైగా ఇంకాస్త పెరిగింది. ఆమె చెయ్యవలసిందల్లా కెటిల్ మళ్ళీ పెట్టడమే. కాని టీ రుచి పోయింది. అది నాది అని అరవాలనిపించింది. కోసింది నేను, అంటించింది నేను, ఆ వాటం నేనిచ్చాను అని. జీవితమంతా తన చెయ్యి పడ్డట్టు ఎవరికీ తెలియకూడదని పనిచేసిన మనిషికి ఇప్పుడీ ఆశ ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆమెకే ఆశ్చర్యమేసింది, సిగ్గేసింది. కాని ఆశ మాత్రం పోలేదు. పెదవులు బిగించి కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడింది.

ఆర్నాల్డ్ కప్పు గలగలమంది. దాన్ని కింద పెట్టాడు. కుర్చీ వెనక్కి చెయ్యి పోనిచ్చి, తువ్వాలు మూట తీసి, విప్పి, రాగి పైపుని రస్సెల్ చేతికిచ్చాడు. కిటికీ దగ్గర పెట్టి చూడమన్నాడు. రస్సెల్ చూశాడు. బెజ్జాలు చూశాడు, వంపులు చూశాడు.

"నీకు నోరు రాకుండా చేసింది నేనే," అన్నాడు ఆర్నాల్డ్. "అది సరే. నాకు రెండో పిలుపొచ్చింది రస్సెల్. నా ఇంటి నుంచే వచ్చింది. నేను వెళ్ళలేకపోయాను. ఆవిడ వెళ్ళింది."

డొరీన్ వెనక్కి తిరిగింది. ఆర్నాల్డ్ ఆమె వైపే చూస్తున్నాడు. రస్సెల్‌నో, పైపునో కాదు. పరువు పోయిన మనిషిలా లేడు. ఆ రాగి పైపు ముందు వీధివాళ్ళంతా వంగి చూసిన రోజున ఎలా కూర్చున్నాడో అలా, ఛాతీ ముందుకి పెట్టుకుని కూర్చున్నాడు. ఇంకా చెప్పాలంటే అంతకన్నా కూడా.

"నా పనికి ఎవరూ వంక పెట్టలేదని చెప్పుకుంటూ తిరిగాను. ఈవిడ పనికి నిన్న నేనే వంక వెతికాను. టిష్యూ పెట్టి మరీ వెతికాను. దొరకలేదు," అన్నాడు.

డొరీన్‌కి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సంతోషంతో కడుపు నిండిపోయింది. ఏప్రాన్ అంచుతో కళ్ళు ఒత్తుకుని, ఒత్తుకుంటున్నందుకు తనమీద తనే విసుక్కుంది.

రస్సెల్ రాగి పైపుని జాగ్రత్తగా తువ్వాలు మీద పెట్టాడు. మళ్ళీ బాయిలర్ కింద మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఇంతకుముందు చూసినంతసేపటికి రెట్టింపు చూశాడు. తర్వాత అలవాటు కొద్దీ కుర్చీ వైపే తిరిగి, ఈ మూలలో జిగురు గుర్తు కూడా లేకుండా ఎలా తీశారు మేస్త్రీగారూ అన్నాడు.

"నన్నడుగుతావేంట్రా? చేసినావిడ అక్కడ నిలబడి ఉంటే," అన్నాడు ఆర్నాల్డ్.

రస్సెల్ ఆమె వైపు తిరిగాడు. "ఎలా తీశారు డొరీనమ్మా?" అని అడిగాడు, పదహారేళ్ళప్పుడు ఆర్నాల్డ్‌ని అడిగినంత బుద్ధిగా.

డొరీన్ కప్పు పక్కన పెట్టింది. వచ్చి వాడి పక్కన రాతి నేల మీద మోకాళ్ళు వేసింది. ముందు చెయ్యి ఇలా తెమ్మని, వాడి బొటనవేలు పట్టుకుని జాయింటు మీద ఆనించి, మెల్లగా చుట్టూ తిప్పింది.

"ఏమైనా తగులుతోందా?"

"లేదమ్మా."

"తగలకూడదు," అంది డొరీన్.